పొగాకు సొమ్ముతో కట్టిన క్యాంపస్.. పొగకు సెలవిచ్చింది!

"ఏంది అబ్బాయ్, ఈయన చేతిలో చుట్ట పట్టుకుని నిలబడ్డాడు?"

2022 వేసవిలో మా మిత్రుడి నాన్నగారు అమెరికా వచ్చినప్పుడు అడిగిన మొదటి ప్రశ్న ఇది. మేముండేది నార్త్ కరోలినాలో, డర్హం పక్కన. ఊరికి ఎవరొచ్చినా డ్యూక్ యూనివర్సిటీ చాపెల్ చూపించడం మాకు అలవాటు. ఆ చాపెల్ ముందు కంచు విగ్రహం ఒకటి ఉంది. ఒక చేత్తో చేతికర్ర, ఇంకో చేతిలో సిగార్. ఆయన పేరు జేమ్స్ బుకానన్ డ్యూక్. అమెరికాలో సిగరెట్‌ను యంత్రాల మీద లక్షల్లో తయారు చేయించి, 1890లో అమెరికన్ టొబాకో కంపెనీ పెట్టిన మనిషి. 1924లో ఆయన 4 కోట్ల డాలర్లతో ఒక నిధి పెట్టారు. ఆ సొమ్ముతోనే అప్పటి ట్రినిటీ కాలేజీ ఇంత పెద్ద విశ్వవిద్యాలయమైంది. ఆయన తండ్రి వాషింగ్టన్ డ్యూక్ గౌరవార్థం పేరు కూడా మారింది.

"అంటే ఇదంతా పొగాకు మీద కట్టిందే!" అన్నారు బాబాయ్ తలెత్తి ఆ గోపురం వైపు చూస్తూ. ఆ మాటలో ఆశ్చర్యంతో పాటు కొంచెం గర్వం కూడా వినిపించింది మాకు. ఎందుకంటే ఆయనది టంగుటూరు దగ్గర పల్లె. నలభై ఏళ్లుగా వర్జీనియా పొగాకు పండిస్తున్నారు. కొడుకు ఇంజినీరింగ్ ఫీజూ, అమెరికా విమానం టిక్కెట్టూ ఆ బేళ్ల సొమ్మే.

అప్పుడు మా మిత్రుడు నవ్వుతూ చెప్పాడు. "నాన్నా, ఇప్పుడు ఈ విగ్రహం ముందు నిలబడి చుట్ట వెలిగించడానికి లేదు. 2020 జులై 1 నుంచి ఈ యూనివర్సిటీలో పొగ బంద్!"

బాబాయ్ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగిన ప్రశ్న మమ్మల్ని ఆలోచనలో పడేసింది. "మరి ఇక్కడ ఆకు పండించే రైతుల గతేంది?"

ఆ ప్రశ్న దగ్గరికి మళ్లీ వద్దాం. ముందు మా మిత్రుడి కథ చెప్పాలి.

టీ కొట్టు నుంచి టెక్సాస్ దాకా

అతను సిగరెట్ మొదలుపెట్టింది అమెరికాలో కాదు. హైదరాబాద్‌లో, కాలేజీ ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర. మనలో చాలామందికి ఆ కొట్టు తెలిసిందే! కన్యాశుల్కంలో గిరీశం వెంకటేశానికి చదువు చెప్పాడో లేదో గానీ చుట్ట మాత్రం నేర్పాడు. ప్రతి కాలేజీలోనూ ఒక గిరీశం ఉంటాడు.

2011లో టెక్సాస్‌లోని ఒక యూనివర్సిటీకి ఎమ్మెస్‌కు వచ్చాడు. కొత్త దేశం, నలుగురు కలిసి ఒక అపార్ట్‌మెంట్, నెల తిరిగేసరికి అప్పు గుర్తుకొచ్చి నిద్ర పట్టని రాత్రులు. లైబ్రరీ వెనక బెంచీ దగ్గర ఇద్దరు ముగ్గురు తెలుగువాళ్లు దమ్ము కొడుతూ కనిపించేవారు. అక్కడికెళితే తెలుగు వినిపిస్తుంది, సినిమా కబుర్లుంటాయి, ఇంటర్న్‌షిప్ సంగతులు తెలుస్తాయి. రోజుకు రెండు సిగరెట్లు కాస్తా పది అయ్యాయి.

మరుసటి ఏడు ఆ బెంచీ పక్కన బోర్డు పెట్టారు. 'పొగాకురహిత క్యాంపస్'. బూడిద డబ్బాలు తీసేశారు. బెంచీ ఉంది, దమ్ము లేదు!

అసలీ నిబంధనలు ఎలా వచ్చాయి?

ఒక్క యూనివర్సిటీ ముచ్చట కాదిది. మిస్సోరిలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఓజార్క్స్ టెక్నికల్ కమ్యూనిటీ కాలేజీ 2003లోనే క్యాంపస్ మొత్తాన్ని పొగాకురహితం చేసింది. తర్వాత పెద్ద యూనివర్సిటీలు కదిలాయి. మిచిగన్ యూనివర్సిటీ 2009లో ప్రకటించి, అందరూ అలవాటు పడటానికి రెండేళ్ల గడువిచ్చి, 2011 జులై 1 నుంచి పొగ ఆపేసింది. మనవాళ్లు ఎక్కువగా చదివే టెక్సాస్ ఆర్లింగ్టన్‌లో అదే ఏడాది ఆగస్టు నుంచి పొగాకు నిషేధం. టెక్సాస్‌లో క్యాన్సర్ పరిశోధనకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ 2012లో ఒక షరతు పెట్టింది. మా నిధులు కావాలంటే ఆ పరిశోధన జరిగే చోట పొగాకు ఉండకూడదు అంది. క్యాన్సర్ మందు కనిపెట్టే ల్యాబ్ గుమ్మంలోనే సిగరెట్ వెలిగిస్తే ఎలా? న్యాయమైన మాటే కదా!

అదే సంవత్సరం సెప్టెంబరులో అమెరికా ఆరోగ్య శాఖ మిచిగన్ యూనివర్సిటీ వేదికగా కాలేజీలన్నిటికీ పొగాకురహిత ఉద్యమం ప్రారంభించింది. 2014 జనవరి 1 నుంచి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం క్యాంపస్‌లన్నీ ఆ దారి పట్టాయి. 2012లో అమెరికా మొత్తం మీద పొగలేని క్యాంపస్‌లు 774 ఉంటే, 2017 నవంబరు నాటికి 2,082 అయ్యాయి.

ఎందుకింత పట్టుదల? 2012లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక చెప్పిన లెక్క చూడండి. రోజూ సిగరెట్ తాగేవాళ్లలో నూటికి 99 మంది మొదటి సిగరెట్ ముట్టించింది 26 ఏళ్లలోపే. అంటే కాలేజీ దాటేదాకా ముట్టకపోతే ఇక ముట్టనట్టే! అందుకే కాపలా అక్కడ పెట్టారు. పక్కవాడి పొగ సంగతి సరేసరి. దాన్ని ఇంత పీల్చితే ఫర్వాలేదు అనే హద్దే లేదని 2006 నివేదిక తేల్చి చెప్పింది.

ఫలితం ఉందా అంటే, ఉంది. ఇండియానా యూనివర్సిటీ 2008లో పొగ నిషేధించింది. పరిశోధకులు 2007లో, మళ్లీ 2009లో విద్యార్థులను అడిగి చూశారు. పొగతాగేవారు 16.5 శాతం నుంచి 12.8 శాతానికి తగ్గారు. అదే రాష్ట్రంలో, అప్పటికి అలాంటి నిషేధం లేని పర్డ్యూలో 9.5 నుంచి 10.1కి, కాస్త పెరిగారే గానీ తగ్గలేదు.

ఖైనీ పొట్లానికీ వర్తిస్తుంది!

ఇక్కడ మనవాళ్లు తికమక పడే సంగతి ఒకటుంది. పొగరహిత క్యాంపస్ వేరు, పొగాకురహిత క్యాంపస్ వేరు. మొదటిదాంట్లో కాల్చేవన్నీ బంద్. సిగరెట్, సిగార్, పైపు, హుక్కా. డ్యూక్‌లో పెట్టింది ఈ తరహా నిబంధనే. రెండోదాంట్లో నమిలేవి కూడా బంద్. ఖైనీ, గుట్కా, జర్దా పాన్ అన్నీ లెక్కలోకి వస్తాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాంటి చోట్ల ఈ-సిగరెట్లు కూడా కలిపేశారు. "నేను పొగ వదలట్లేదుగా, బుగ్గన పెట్టుకున్నా అంతే" అంటే కుదరదు. చేరగానే మీ క్యాంపస్ నిబంధన ఏమిటో చదువుకోవడం మంచిది.

దొరికితే ఏమవుతుంది? వీసా పోతుందని కొత్తగా వచ్చినవాళ్లు హడలిపోతుంటారు. చాలా క్యాంపస్‌లలో మొదట జరిగేది మర్యాదగా గుర్తు చేయడమే. "ఇది పొగాకురహిత క్యాంపస్ అండీ" అని తోటి విద్యార్థే చెబుతాడు. మళ్లీ మళ్లీ చేస్తే విద్యార్థుల క్రమశిక్షణ ఆఫీసు నుంచి పిలుపు రావచ్చు. కొన్నిచోట్ల జరిమానా ఉంటుంది. 2019 డిసెంబరు నుంచి దేశమంతటా 21 ఏళ్లలోపు వారికి పొగాకు వస్తువులు అమ్మకూడదు. సింగపూర్‌లో అయితే నమిలే పొగాకు, ఈ-సిగరెట్ రెండూ నిషేధమే. ఏ దేశంలో ఉన్నా, ఊరి నుంచి వచ్చేవాళ్లతో పొట్లాలు తెప్పించుకునే ముందు అక్కడి చట్టం కనుక్కోండి. స్నేహితుడి సూట్‌కేసు చిక్కుల్లో పడకూడదు కదా.

రోడ్డు పక్క నిలబడ్డ జూనియర్

సరే, బోర్డు పెట్టాక మా మిత్రుడు మానేశాడా? లేదు! క్యాంపస్ గేటు దాటి, రోడ్డు అవతల బస్టాప్ దగ్గర నిలబడటం మొదలుపెట్టాడు. ఎండలో, వానలో, జనవరి చలిలో. లైబ్రరీ బెంచీ గుంపు మొత్తం అక్కడికి మారింది. రోజుకు పది సిగరెట్లు అయిదారుకు తగ్గాయి. అంతదూరం నడవాలి మరి. నిబంధన చేయగలిగింది అంతవరకే.

2013 ఆగస్టులో ఖమ్మం నుంచి ఒక కుర్రాడు అదే అపార్ట్‌మెంటుకు వచ్చాడు. సిగరెట్ వాసన పడేది కాదు. కానీ తెలుగు మాట్లాడేవాళ్లు దొరికేది ఆ బస్టాప్ దగ్గరే. "అన్నా, నేనూ వస్తా" అంటూ వెంట వచ్చి, ఊరికే నిలబడేవాడు. మొదటి నెల ఊరికే నిలబడ్డాడు. మిడ్‌టర్మ్ పరీక్ష పోయిన రోజున "ఒకటివ్వన్నా" అన్నాడు.

మా మిత్రుడు ఇచ్చాడు. వెలిగించింది కూడా తనే.

"ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాలేజీ ముందు టీ కొట్టు దగ్గర నాకు ఇచ్చినవాడి ముఖమే గుర్తొచ్చింది. ఇప్పుడు ఆ ముఖం నాదైపోయింది" అని మాతో ఎన్నోసార్లు అన్నాడు. ఆ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాటల్లో మాటగా నాన్నకు ఒప్పుకున్నాడు, తను తాగుతున్నట్టు. అటువైపు చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆయన ఒక్కటే అడిగారు. "ఆకు అమ్మి నిన్ను చదివించింది, నువ్వు మళ్లీ అదే కొనుక్కోవడానికా?"

మానడం అంత తేలిక కాలేదు. రెండుసార్లు వదిలి మళ్లీ పట్టుకున్నాడు. మూడోసారి క్యాంపస్ హెల్త్ సెంటర్‌కు వెళ్లాడు. నికోటిన్ పట్టీలు, చూయింగ్ గమ్ ఇచ్చారు, వారం వారం మాట్లాడారు. జూనియర్‌ను కూడా వెంటబెట్టుకెళ్లాడు. 2014 వేసవి నాటికి ఇద్దరూ బయటపడ్డారు. బస్టాప్ బదులు సాయంత్రం టీ ఫ్లాస్కుతో అదే పాత లైబ్రరీ బెంచీ దగ్గరకు చేరారు. కబుర్లు అవే, తెలుగు అదే. పొగ ఒక్కటే లేదు.

మీలో ఎవరైనా మానాలనుకుంటే ఇవి గుర్తుపెట్టుకోండి:

- అమెరికాలో ఎక్కడి నుంచైనా 1-800-784-8669 నంబరుకు ఫోన్ చేస్తే మీ రాష్ట్రం సహాయ కేంద్రానికి కలుపుతారు. ఉచితం.

- చాలా హెల్త్ ఇన్సూరెన్సు పాలసీలు పొగాకు మానే చికిత్స ఖర్చు భరిస్తాయి. మీ పాలసీ చూసుకోండి. సొంతంగా కొనుక్కునే పాలసీల్లో పొగాకు వాడేవారి దగ్గర చాలా రాష్ట్రాల్లో 50 శాతం దాకా ఎక్కువ ప్రీమియం వసూలు చేసుకునే వీలుంది.

- గుంజుడు వచ్చినప్పుడు అది కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. ఆ కొద్ది నిమిషాలు ఎవరితోనైనా మాట్లాడుతూ గడిపేయండి. మొదటి మూడు రోజులే బాగా కష్టం.

- ఒకసారి తప్పితే అంతా పోయినట్టు కాదు. చాలామంది పలు ప్రయత్నాల తర్వాతే మానారు.

బాబాయ్ ప్రశ్నకు జవాబు

ఇక రైతుల సంగతి. అమెరికాలో అత్యధికంగా పొగాకు పండేది మా నార్త్ కరోలినాలోనే. పొలాల్లో పచ్చి ఆకు కోసేది ఎక్కువగా మెక్సికో నుంచి వీసాల మీద వచ్చే కూలీలు. మనలాగే కుటుంబాన్ని వదిలి వచ్చినవాళ్లు. తడి ఆకు నుంచి నికోటిన్ చర్మంలోకి దిగి వాంతులు, తల తిరుగుడు వస్తాయి వాళ్లకు. ఈ మాట చెబితే బాబాయ్ తల ఊపారు. "మా కూలోళ్లకూ అంతే" అన్నారు.

పాత పొగాకు కోటా పద్ధతిని రద్దు చేస్తూ అమెరికా 2004లో ఒక చట్టం తెచ్చింది. కోటా ఉన్నవారికీ, పండించేవారికీ పదేళ్ల పాటు పరిహారం ఇచ్చారు. ఆ డబ్బు సిగరెట్ కంపెనీల దగ్గరే వసూలు చేశారు. కొందరు ఆ సొమ్ముతో వేరే పంటలకు మారారు, కొందరు సేద్యం మానుకున్నారు, కొందరు ఇంకా ఆకే పండిస్తున్నారు.

మన దగ్గర గుంటూరులో 1976 నుంచి పొగాకు బోర్డు ఉంది, వేలం కేంద్రాలున్నాయి. అయినా 2015లో ధర పడిపోయినప్పుడు ప్రకాశం జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మనం సిగరెట్ తాగినందువల్ల ఆ రైతులకు ఒరిగిందేమీ లేదు. వాళ్లకు కావలసింది గిట్టుబాటు ధర, లేదంటే వేరే పంటకు మారేందుకు చేయూత. ఈ మాట అడగాల్సిన చోట అడుగుదాం. అంతేగానీ రైతు పేరు చెప్పుకుని దమ్ము కొట్టొద్దు.

మీ ఊళ్లో, మీ యూనివర్సిటీలో కొత్త బ్యాచ్ దిగే రోజు వస్తుంది. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొస్తాం, నాలుగు రోజులు ఇంట్లో ఉంచుకుంటాం, ఆవకాయ పెడతాం. దాంతో పాటు ఇంకొకటి చేద్దాం. తెలుగు మాట వినపడటం కోసం వాళ్లు పొగ గుంపు దగ్గరికి పోనక్కర్లేకుండా చూద్దాం. గల్ఫ్ క్యాంపులో ఉన్నా, సింగపూర్ డార్మిటరీలో ఉన్నా ఇది కుదిరే పనే. ఒక ఫ్లాస్కు, నాలుగు కప్పులు చాలు.

చాపెల్ దగ్గర నుంచి బయల్దేరుతూ బాబాయ్ మరోసారి ఆ విగ్రహం వైపు చూశారు. "పోన్లే, చుట్ట చేతిలోనే ఉంది. వెలిగించలేదు" అన్నారు. అందరం నవ్వుకుంటూ కారెక్కాం.