సూక్ష్మజీవికీ ఇంటిపేరు ఉంది



"చీము తీసి ల్యాబుకి పంపి రెండు రోజులైంది, రిపోర్టు ఇంకా రాలేదా సిస్టర్?" అని రోగుల బంధువులు మమ్మల్ని తరచు అడుగుతుంటారు. ఆ ఆలస్యం ఎందుకో ఈసారి వివరిస్తాము.

ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లకు కారణం ఒకే క్రిమి కాదు. ఆపరేషన్ కుట్లలో చీము పట్టించేది చాలాసార్లు స్టెఫైలోకాకస్ ఆరియస్. కాలిన గాయాల్లో సూడోమోనాస్ చేరితే చీము నీలిపచ్చగా మారవచ్చు. స్టీలు ప్లాంటు, పోర్టు ఉన్న మన విశాఖలో ఇలాంటి గాయాలు కొత్త కావు. మూత్రపు గొట్టం వేసినవారికి ఈ.కోలై, క్లెబ్సియెల్లా వంటివి సోకవచ్చు. ఒకదానికి పనిచేసే మందు మరొకదానికి పనిచేయకపోవచ్చు.

ల్యాబులో చీమును క్రిములు పెరిగే పదార్థంపై పూసి, 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతారు. అవి కంటికి కనిపించేలా పెరగడానికి సుమారు ఒక రోజు పడుతుంది. 1884లో డెన్మార్క్ డాక్టరు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ప్రకటించిన రంగు పరీక్షతో అది ఏ వర్గమో తెలుస్తుంది. ఏ మందుకు లొంగుతుందో చూడడానికి మరో రోజు కావాలి.

పేరు ఒకటే, మనిషి వేరు

స్టెఫైలోకాకస్ ఇంటిపేరైతే, ఆరియస్ పేరు. కాని మన ఊళ్ళో "అప్పారావూ" అని పిలిస్తే పదిమంది తిరిగి చూస్తారు కదా! క్రిముల్లోనూ అంతే. ఒకే పేరుగలవాటిలో వేర్వేరు స్ట్రెయిన్లు ఉంటాయి. ఇద్దరు రోగుల్లో ఒకే స్ట్రెయిన్ కనిపిస్తే, అది ఒకరినుండి ఒకరికి పాకిందనో, ఇద్దరికీ ఒకేచోటునుండి వచ్చిందనో అనుమానించాలి.

2016లో హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ తరువాత కొందరి చూపు దెబ్బతింది. వాడిన సెలైన్ ద్రవంలో క్లెబ్సియెల్లా ఉన్నట్లు పరీక్షల్లో బయటపడింది. 2011లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో, పసిపిల్లల వార్డును శుభ్రం చేసిన తరువాత కూడా మందులకు లొంగని స్టెఫైలోకాకస్ మళ్ళీ కనిపించింది. జన్యు పరీక్ష చేస్తే సిబ్బందిలో ఒకరివద్ద అదే స్ట్రెయిన్ దొరికింది. అందుకే చేతుల శుభ్రత నియమం మీకంటే ముందు మాకు వర్తిస్తుంది.

మీరు చేయవలసినవి

- రోగిని ముట్టుకునే ముందు, తరువాత చేతులు సబ్బుతో కడగండి.
- రోగి మంచంపై కూర్చోవద్దు. కట్టును, గొట్టాలను తాకవద్దు.
- బయట యాంటీబయాటిక్ వాడి ఉంటే ముందే చెప్పండి. లేకుంటే కల్చర్‌లో క్రిమి పెరగక, రిపోర్టు తప్పుదారి పట్టించవచ్చు.
- డాక్టరు రాసిన కోర్సు మధ్యలో ఆపవద్దు.
- మేము చేతులు కడగకుండా మీ దగ్గరకు వస్తే మొహమాటపడకుండా అడగండి. మేము నొచ్చుకోము.