యాభై మార్కుల గ్లాసు

ఇంట్లో కాచిన బీరుకు మెచ్చుకోళ్లు తేలిగ్గానే దొరుకుతాయి. ఉచితంగా చేతికొచ్చిన గ్లాసు పట్టుకుని 'ఏదో తేడాగా ఉంది' అనడానికి ఏ స్నేహితుడికీ నోరు రాదు. బాగుందంటాడు, ఇంకో గ్లాసు అడుగుతాడు. అమెరికాలో గ్యారేజీల్లో, వంటిళ్లలో బీరు తయారుచేసుకునేవాళ్లకు కొన్నాళ్లకు ఈ మెప్పు చప్పబడుతుంది. తమ మొహం ఎరగని మనిషి ఎవరైనా రుచి చూసి, ఉన్నదున్నట్టు చెబితే బాగుండుననిపిస్తుంది. పోటీలకు సీసాలు పంపేది ప్రధానంగా అందుకే. పతకం వస్తే మంచిదే. కానీ పతకం ఏమీ నేర్పదు. నేర్పేది దాని వెంట వచ్చే స్కోరుషీటు.

ఈ పోటీల వయసు యాభై ఏళ్లు కూడా లేదు. 1933లో మద్యనిషేధం ఎత్తేసినప్పుడు ఇంట్లో వైన్ చేసుకోవడానికి దారి దొరికింది గానీ, బీరుకు మాత్రం దొరకలేదు. 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో ఆ లోటు తీరింది. పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకన్నా ఎక్కువ ఉంటే 200 గ్యాలన్లు కాచుకోవచ్చు. అమ్మకూడదు. రాష్ట్రాలు తమ తమ చట్టాలు మార్చుకోవడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. చివరివైన అలబామా, మిసిసిపీ 2013లో గానీ ఒప్పుకోలేదు. 1978లోనే కొలరాడోలోని బౌల్డర్‌లో చార్లీ పపాజియన్, చార్లీ మాట్జెన్ కలిసి అమెరికన్ హోమ్‌బ్రూయర్స్ అసోసియేషన్ పెట్టారు. మరుసటి ఏడాదే జాతీయ పోటీ మొదలైంది.

మరి మార్కులు వేసేదెవరు? ఎవరి నాలుకను నమ్మాలి? ఆ ప్రశ్నకు జవాబుగా 1985లో పుట్టిందే బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్, క్లుప్తంగా బీజేసీపీ. జడ్జి కావాలంటే ముందు ఆన్‌లైన్ పరీక్ష పాసవ్వాలి. ఆ తర్వాత రుచి పరీక్ష: తొంభై నిమిషాల్లో ఆరు బీర్లు, ఒక్కోదానికి ఒక్కో పూర్తి స్కోరుషీటు. అభ్యర్థి రాసినదాన్ని, అవే బీర్లు తాగిన అనుభవజ్ఞులు రాసినదానితో పోల్చి చూస్తారు. ఇంత కష్టపడి పాసైనవాళ్లు వారాంతాల్లో జీతం భత్యం లేకుండా వచ్చి కూర్చుంటారు. ఈ వ్యవస్థలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఇదే.

బల్ల దగ్గర జరిగేది చూడండి. సీసాకు లేబుల్ ఉండదు, మూత మీద గుర్తు ఉండదు, ఒక నంబరు మాత్రమే. జడ్జీలు ఇద్దరు. వంపిన వెంటనే గ్లాసు ముక్కు దగ్గరికి వెళ్తుంది, ఎందుకంటే కొన్ని వాసనలు నిమిషంలో ఎగిరిపోతాయి. తర్వాతే రంగు, నురగ, తేటదనం. ఆ తర్వాత గుటక. ఇద్దరూ రాయడం పూర్తయ్యేదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. మొత్తం 50 మార్కులు: వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10. రూపానికి మూడే! ఫొటోల కోసం బీరు కాచేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. రాయడం అయ్యాక అంకెలు పోల్చుకుంటారు. తేడా మరీ ఎక్కువైతే మళ్లీ రుచి చూసి, మాట్లాడుకుని, దగ్గరికి తెచ్చుకుంటారు.

38 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే అద్భుతమైన బీరే. 30 నుంచి 37 దాకా చాలా మంచిది. 21 నుంచి 29 మధ్య వస్తే, తాగడానికి బాగానే ఉంది గానీ లోపమో, ఆ రకానికి నప్పని లక్షణమో ఉందని అర్థం. కొత్తగా పంపినవాళ్లు 27 చూసి బడిలో మార్కుల్లా లెక్కేసుకుని కుంగిపోతారు. అక్కర్లేదు.

'ఆ రకానికి నప్పని' అన్న మాటే కొత్తవాళ్లకు ఒక పట్టాన కొరుకుడు పడదు. జర్మన్ గోధుమ బీరు హెఫెవైట్సెన్‌లో మిగలపండిన అరటిపండు వాసన, లవంగం ఘాటు ఉండాల్సిందే. అవి లేకపోతే మార్కులు పోతాయి. అదే అరటిపండు పిల్స్‌నర్‌లో తగిలితే, ఈస్ట్‌ను మరీ వేడిలో పులియబెట్టారని జడ్జి అనుమానిస్తాడు. అంటే మీరేం కాచారన్నది ఎంత ముఖ్యమో, దాన్ని ఏ విభాగంలో పంపారన్నదీ అంతే ముఖ్యం. ఒక బీరు ఏ విభాగానికి చెందుతుందో తేల్చుకోవాలంటే, రెసిపీ పేరు పక్కన పెట్టి గ్లాసులో ఉన్నదాన్నే రుచి చూడాలి. పేల్ ఏల్ కాద్దామనుకున్నది అంతకన్నా చేదైన ఐపీఏ అయి కూర్చుంటే ఐపీఏగానే పంపాలి.

ఇక స్కోరుషీటు చదవడం. దీనికి సాధన కావాలి. ఒక పిల్స్‌నర్ మీద రెండు కాగితాలు వచ్చాయనుకుందాం. ఒకరు 'వెన్న వాసన' అని రాసి 28 వేశారు. రెండోవారు వెన్న ఊసే ఎత్తకుండా 32 వేశారు. సహజంగా మనసు 32 వైపే మొగ్గుతుంది, మొదటి జడ్జికి ఏమీ తెలియదనుకుంటుంది. నిజానికి వెన్న వాసనకు కారణమైన డయాసిటైల్‌ను కొందరి ముక్కు చాలా తక్కువగా పసిగడుతుంది, జడ్జీలైనా అంతే. ఒకరు రాయలేదు కాబట్టి అది లేదనడానికి లేదు.

తేల్చుకోవడానికి ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఉంది. తర్వాతి విడత పులుస్తున్నప్పుడు, ఇక అయిపోవచ్చిందనుకున్న దశలో రెండు చిన్న సీసాల్లోకి బీరు తీయాలి. ఒకదాన్ని సుమారు 65 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచి చల్లార్చాలి. రెండోదాన్ని కదపకూడదు. ఆపైన రెండూ పక్కపక్కన పెట్టి వాసన చూడాలి. వేడిచేసినదాంట్లో వెన్న ఘుమాయిస్తే పులియడం ఇంకా ముగియలేదన్నమాట. ఎందుకంటే ఈస్ట్ మొదట్లో డయాసిటైల్‌కు మూలమైన పదార్థాన్ని వదులుతుంది, అది మెల్లగా డయాసిటైల్‌గా మారుతుంది, చివరికి ఈస్టే దాన్ని మళ్లీ లోపలికి తీసుకుంటుంది. వేడి ఆ మధ్య అడుగును తొందరపెట్టి, ముందుముందు రాబోయే వెన్నను ఇప్పుడే చూపిస్తుంది. పిల్స్‌నర్ లాంటి, చల్లటి వాతావరణంలో పులిసే లాగర్లకు ఈస్ట్ నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి, చివర్లో 17, 18 డిగ్రీలకు పెంచి రెండు మూడు రోజులు ఆగాలి. ఆ ఓపిక లేకుండా ఫ్రిజ్‌లో పెట్టేస్తే వెన్న సీసాలోకి వచ్చేస్తుంది. సీసాలో రోజులు గడిచేకొద్దీ వెన్నతో పాటు పులుపు కూడా పెరుగుతోందంటే సంగతి వేరు. అది చాలావరకు పీడియోకాకస్ అనే బ్యాక్టీరియా పని. అప్పుడు దృష్టి పెట్టాల్సింది గొట్టాలు, కుళాయిల శుభ్రత మీద.

జడ్జి రాసింది రెండే మాటలు. మిగతాదంతా బీరు కాచినవాళ్లే తవ్వుకోవాలి. ఉష్ణోగ్రత ఎంత పెట్టారో, ఎన్నాళ్లు ఆగారో తెలిసింది వాళ్లకే. అందుకే స్కోరుషీటులో 'ఉడికించిన మొక్కజొన్న', 'తడిసిన అట్ట', 'నాలుక మీద వగరు' లాంటి మాటలను పూర్తిగా నమ్మాలని, 'మీరు ఫలానా మాల్ట్ ఎక్కువ వేశారు' లాంటి మాటలను మాత్రం ఊహగానే తీసుకోవాలని నా అభిప్రాయం. ముక్కుకు తగిలింది సాక్ష్యం. కారణం మాత్రం ఊహ. ఇక 'మంచి బీరు, బాగుంది' అని రాసి 35 వేసిన కాగితం ఎవరికీ ఉపయోగపడదు. మందుకట్టు వాసన ఉందని 19 వేసిన కాగితం నయం. నీళ్లలోని క్లోరిన్‌ను ముందే పోగొట్టాలని దాన్నిబట్టి తెలుస్తుంది.

అంకెను ఎందుకు అంతగా పట్టించుకోనక్కర్లేదో వైన్ ప్రపంచం చూపించింది. రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే వైన్ తయారీదారు కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో, ఒకే సీసాలోని వైన్‌ను ఒకే జడ్జికి చెప్పకుండా మూడుసార్లు ఇప్పించి లెక్కలు కట్టి 2008లో ప్రచురించాడు. మూడుసార్లూ దగ్గరి మార్కులే వేసినవాళ్లు పదిమందిలో ఒక్కరే. నాలుక అలిసిపోతుంది, ముందు తాగిన గ్లాసు ప్రభావం తర్వాతిదాని మీద పడుతుంది. కాబట్టి ఒకే విడత నుంచి రెండు మూడు పోటీలకు పంపడం తెలివైన పని. నలుగురు జడ్జీలు విడివిడిగా వగరు అన్నారంటే ఇక వాదించడానికేమీ ఉండదు.

టెక్సాస్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు ఈ అవకాశం ఇంటి పక్కనే ఉంది. హ్యూస్టన్‌లో డిక్సీ కప్, డాలస్ ప్రాంతంలో బ్లూబానెట్ బ్రూ ఆఫ్ పేరున్న పోటీలు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మాత్రం ఎక్సైజ్ లైసెన్సు లేకుండా బీరు కాయడం నేరం కాబట్టి ఇక్కడివాళ్లు ఆ పని ఇంట్లో మొదలుపెట్టకూడదు. అక్కడున్నవాళ్లు సీసా పంపేముందు వీలైతే ఒకసారి సహాయకులుగా వెళ్లడం మంచిది. సీసాలు తెచ్చివ్వడం, గ్లాసులు సర్దడం పెద్ద కష్టమేమీ కాదు. జడ్జీలు రాయడం ముగించి ఒకరితో ఒకరు మాట్లాడుకునే మాటలు దగ్గరుండి వినొచ్చు. కాగితం మీదికి రానివి అక్కడ చాలా వినిపిస్తాయి. స్కోరుషీటు మీద జడ్జి పేరు, ఈమెయిల్ రాయడానికి చోటు ఉంటుంది. అర్థంకాని మాట ఉంటే రాసి అడగొచ్చు.