బోరకాయ్ ద్వీపమున ఒక దినము

ఫిలిప్పీన్స్ దేశపు నడిమి దీవులలో బోరకాయ్ అను చిన్న ద్వీపము కలదు. దాని పొడవు సుమారు 7 కిలోమీటర్లు, వైశాల్యము సుమారు 10 చదరపు కిలోమీటర్లు. మన పెద్ద గ్రామములు కొన్నిటి పొలిమేర ఇంతకంటె విశాలముగా నుండును. అయినను 2017వ సంవత్సరమున ఈ ద్వీపమునకు 20 లక్షల యాత్రికులు వచ్చిరి. ద్వీపమున మూడు బరంగాయిలు కలవు. బరంగాయి యనగా ఆ దేశపు గ్రామ పంచాయతీయే. ఎన్నికైన అధ్యక్షుడు, ఏడుగురు సభ్యులు, యువజన ప్రతినిధి యొకరు దాని యందుందురు. కావున అచట జరిగిన సంగతి మన పంచాయతీ సభ్యులు తెలిసికొనదగియున్నది.

కాటిక్లాన్ రేవునుండి పడవలో పది పదిహేను నిమిషముల ప్రయాణము. ఉదయమున వచ్చి సాయంకాలమునకు మరలువారిలో పెక్కురు కోరు వినోదములు రెండు: కాయక్ నడుపుట, స్నార్కెల్ ధరించి నీటిలోనికి చూచుట.

కాయక్ అనునది ఒకరిద్దరు కూర్చుండదగిన సన్నని తేలికపడవ. రెండు కొనలయందును ఆకులున్న ఒకే తెడ్డును కుడియెడమలుగా వేయుచు దానిని నడుపుదురు. ఇది నేర్చుట సులభమే. గాలిని గుర్తించుట మాత్రము సులభము కాదు. నవంబరు మొదలు మే వరకు అచట ఈశాన్యపు గాలి వీచును. అప్పుడు పడమటి తీరమందలి నీరు చెరువువలె నిశ్చలముగా కనుపించును. కాని ఆ గాలి నేలనుండి సముద్రమువైపునకు వీచునట్టిది. ఒడ్డున దాని బలము తెలియదు. కొంతదూరము పోవుసరికి తెడ్డు వేయకయే పడవ సాగిపోవును. తిరిగి వచ్చునప్పుడు ఎదురుగాలితో పోరాడవలెను. మన మత్స్యకారులకు ఇది చెప్పనక్కరలేదు, పట్టణవాసులకు చెప్పవలెను. లైఫ్ జాకెట్టు ధరించి, ఒడ్డు వెంబడినే పోవుట క్షేమము. నైరుతి గాలులకాలమున పడమటి తీరము అలలతో నిండును; అప్పుడు పడవలు తూర్పుతీరము నాశ్రయించును.

స్నార్కెల్ అనగా నోట కరచుకొను వంపుగొట్టము. కన్నులకు అద్దపు తొడుగు పెట్టుకొని, నీటిపై బోరగిల తేలుచు, గొట్టముద్వారా గాలి పీల్చుదురు. కంటికిని నీటికిని నడుమ గాలి యుండుటచే అంతయు స్పష్టముగా కనుపించును. అయితే చేప యున్నదానికంటె మూడవవంతు పెద్దదిగా తోచును. తిరిగివచ్చినవారు చెప్పు చేపల కొలతలను ఆ మేరకు తగ్గించి వినవలెను! గొట్టము మరీ పొడవైనచో విడిచిన గాలియే మరల లోనికి వచ్చును.

ఆగ్నేయమున నున్న మొసలిదీవి చెంత ఈ వినోదమునకు జనులు గుమిగూడుదురు. ఆకారమునుబట్టి ఆ పేరు వచ్చినదే కాని, అచట మొసళ్లు లేవు. చూడవలసినది పగడపు దిబ్బలు. పగడము రాయివలె కనుపించినను చిన్న ప్రాణుల కాపురము. వాని దేహమునందలి సూక్ష్మమైన నాచు సూర్యరశ్మితో ఆహారము సిద్ధపరచి వానికి పెట్టును. మురుగునీరు చేరినచో దాని సారముచే వేరు నాచు దట్టముగా పెరిగి పగడమును కప్పివేయును. ఈతగాని కాలు తగిలినను పగడము విరుగును. 1988 మొదలు 2011 వరకు ఈ ద్వీపమున పగడపు విస్తీర్ణము సుమారు 70 శాతము తగ్గినట్లు జపాన్ సహకార సంస్థవారి పరిశోధనలో తేలినది.

కారణము తెలిసికొనుటకు నీట మునుగ నక్కరలేదు. వాననీటి కాలువలలోనికి మురుగు గొట్టములు కలుపబడెను. కట్టడములు ఇసుకతిన్నెల వరకును వచ్చెను. 2018 ఫిబ్రవరిలో అధ్యక్షుడు డుటర్టే ద్వీపమును మురికిగుంటతో పోల్చెను. ఏప్రిల్ 26 మొదలు ఆరుమాసములు యాత్రికుల రాక నిలిపివేయబడినది.

శిక్ష అందరిపైని పడినది గాని తప్పు అందరిది కాదు. గొట్టము కలిపిన భవన యజమాని ఆరుమాసముల నష్టమును భరింపగలడేమో! కూలివానికి అది సాధ్యము కాదు. ఇసుకతో కోటలు కట్టి జీవించునతడొకడు, యాత్రికుల బండి నడుపువాడొకడు సుప్రీంకోర్టు నాశ్రయించిరి. 2019లో న్యాయస్థానము మూసివేతనే సమర్థించినది.

2018 అక్టోబరు 26న ద్వీపము తిరిగి తెరువబడినది. ఏకకాలమున 19,215 మంది యాత్రికులు మాత్రమే యుండవలెననియు, దినమునకు 6,405 మందినే రానీయవలెననియు నిర్ణయించిరి. తీరమున 30 మీటర్లమేర కట్టడములు కూడవని యుత్తరువు. మద్యము, ధూమపానము ఇసుకతీరమున నిషేధింపబడెను. లెక్క యంతయు రేవునందే తేలవలెను. 2022 ఏప్రిల్ నెలలో, క్రైస్తవుల పవిత్రవారపు సెలవులలో, ఆ 6,405 సంఖ్య దాటిపోయినది.