పాత స్పోర్ట్స్ కారుకు కొత్త కీళ్లు

జపాన్‌కు చెందిన మాజ్డా సంస్థ 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనలో తొలిసారి జనం ముందుంచిన ఎంఎక్స్-5 కారు, అమెరికాలో మియాటాగా, జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్‌గా పేరు తెచ్చుకొని, ఇద్దరు మాత్రమే కూర్చునే స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలోకెల్లా ఎక్కువగా అమ్ముడైనదిగా గిన్నిస్ పుస్తకంలో చోటు సంపాదించింది. 1997 వరకు తయారైన దాని తొలి తరం కార్లు నేటికీ పలు దేశాల్లో తిరుగుతున్నాయి గాని, ఇంజిన్ నిక్షేపంగా ఉన్న కార్లలో సైతం నడక చెడిపోయినవి చాలా కనిపిస్తాయి. గుంత తగిలితే టకటకమని చప్పుడు, మలుపులో వెనుకభాగం క్షణం ఆలస్యంగా కదిలినట్టు అనిపించడం, బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగడం వంటి లక్షణాలు బయటపడగానే యజమాని ఖరీదైన రేసింగ్ షాక్ అబ్జార్బర్ల కోసం వెతకడం పరిపాటి. ఆ డబ్బులో చాలా భాగం వృథా పోతుంది, ఎందుకంటే ఆ కారు అసలు జబ్బు ఎక్కువసార్లు చవకైన రబ్బరు ముక్కల్లో ఉంటుంది.

చక్రాలను కారు చట్రానికి కలుపుతూ, రోడ్డు ఎత్తుపల్లాలను తాను భరిస్తూ, టైరును నేలకు ఆనించి ఉంచే అమరికనే సస్పెన్షన్ అంటారు. ఎంఎక్స్-5లో నాలుగు చక్రాలకూ ‘డబుల్ విష్‌బోన్’ పద్ధతి ఉంది. అంటే ప్రతి చక్రాన్నీ పైన ఒకటి, కింద ఒకటి చొప్పున రెండు ఉక్కు ఆర్మ్‌లు పట్టుకొని ఉండడం వల్ల, చక్రం పైకీ కిందకీ ఎంత కదిలినా దాని వంపు రూపకర్త కోరుకున్న హద్దులోనే ఉంటుంది. తొలినాటి కార్ల బరువు వెయ్యి కిలోల లోపే కాబట్టి ఈ ఏర్పాటు వాటికి ఇచ్చిన చురుకుదనం అసాధారణమైనది. అయితే ఆర్మ్ చట్రాన్ని కలిసే ప్రతిచోటా ఒక బుష్ ఉంటుంది. లోపలి ఉక్కు గొట్టానికీ బయటి ఉక్కు గొట్టానికీ నడుమ గట్టిగా అతికించిన రబ్బరే ఈ బుష్. మోకాలి ఎముకల మధ్య మృదులాస్థి చేసే పని ఇక్కడ అది చేస్తుంది. ఎండకు, వేడికి, గాలిలోని ఓజోన్‌కు, కారిన నూనెకు రబ్బరు గట్టిపడి పగుళ్లు తీస్తుంది కనుక, షెడ్డులో భద్రంగా దాచి తక్కువ దూరం నడిపిన కారులోనూ ముప్పై ఏళ్ల నాటి బుష్‌లు పనికిరాకుండా పోతాయి.

ఏది అరిగిందో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. కారును జాకీతో లేపి స్టాండ్ల మీద నిలిపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపినప్పుడు ఆట ఉంటే ఆర్మ్‌ను చక్రానికి కలిపే కీలైన బాల్ జాయింట్‌నో చక్రపు బేరింగ్‌నో అనుమానించాలి. కుడిఎడమల పట్టుకొని ఊపితే ఆట తెలిసినప్పుడు స్టీరింగ్ కదలికను చక్రానికి చేరవేసే టై రాడ్ చివరి కీలును చూడాలి. బుష్ పక్కన ప్రై బార్ అనే ఇనుప కడ్డీని దూర్చి మెల్లగా తిప్పితే, చీలిన రబ్బరు నోరు తెరిచి కనబడుతుంది. షాక్ అబ్జార్బర్ ఒంటి మీద నూనె తడి ఉంటే లోపలి సీలు పోయినట్టే. కాయిల్ స్ప్రింగులు మాత్రం తుప్పు పట్టి విరిగితే తప్ప మార్చవలసిన అవసరం అరుదు.

బుష్‌ల మార్పిడిలో విడిభాగాల ధర కన్నా కూలి ఎక్కువ. ఆర్మ్‌లు ఊడదీసి తిరిగి బిగించే పనిని యజమాని తానే చేసుకొని, పాత బుష్‌ను బయటికి నెట్టి కొత్తదాన్ని ఎక్కించే పనికి మాత్రం హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న వర్క్‌షాపుకు ఆర్మ్‌లను పట్టుకెళితే ఖర్చు గణనీయంగా తగ్గుతుంది. రబ్బరుకు బదులుగా దొరికే పాలీయురేథేన్ బుష్‌లను చేత్తోనే ఎక్కించవచ్చు, అవి ఎక్కువ కాలం మన్నుతాయి కూడా. కాని వాటిలో ఆర్మ్ రబ్బరులా మెలిపడక గొట్టం చుట్టూ జారుతుంది కాబట్టి, సిలికాన్ గ్రీజు ఆరిపోతే కీచుమంటాయి, రోడ్డు అదురునూ లోపలికి ఎక్కువగా పంపుతాయి. రోజువారీ రోడ్డు ప్రయాణానికి రబ్బరే మేలు.

ఈ పనిలో అందరూ పొరపడే చోటు ఒకటుంది, దానిని వివరంగా తెలుసుకోవాలి. రబ్బరు బుష్ లోపలి గొట్టం బోల్టు బిగించగానే చట్రానికి అతుక్కుపోతుంది, బయటి గొట్టం ఆర్మ్‌తో పాటు తిరుగుతుంది. నడుమనున్న రబ్బరు మెలిపడుతూ ఆ తేడాను భరిస్తుంది. చక్రాలు గాలిలో వేలాడుతుండగానే బోల్టులను పూర్తిగా బిగిస్తే, ఆ వేలాడే స్థితే రబ్బరుకు విశ్రాంతి స్థితి అవుతుంది. కారును నేల మీదికి దించిన మరుక్షణం నుంచి కారు నిలిచి ఉన్నప్పుడు కూడా రబ్బరు మెలిపడే ఉండి, కొద్ది కాలానికే చిరిగిపోతుంది. అందుచేత పని మొదలుపెట్టక ముందే చక్రం మధ్యబిందువు నుంచి ఫెండర్ అంచు వరకు ఎత్తు కొలిచి రాసుకొని, కొత్త బుష్‌లు ఎక్కించాక హబ్ కింద జాకీ పెట్టి సరిగ్గా అదే ఎత్తుకు లేపి, అప్పుడే చివరి బిగింపు ఇవ్వాలి.

షాక్ అబ్జార్బర్లను మార్చేటప్పుడు వాటి కడ్డీకి తొడిగే ‘బంప్ స్టాప్’ అనే నురుగు దిమ్మెను మరువకూడదు. తొలి తరం ఎంఎక్స్-5లో సస్పెన్షన్ కదిలే దూరం తక్కువ కావడంతో, పెద్ద గుంత వచ్చినప్పుడల్లా దెబ్బ దీని మీదే పడుతుంది. ఏళ్లు గడిచేసరికి ఇది పొడిపొడిగా రాలిపోయి, ఇనుము ఇనుముకు తగిలి, షాక్ పోయిందన్న భ్రమ కలిగిస్తుంది. 1998లో అమ్మకానికి వచ్చిన రెండవ తరం కారు షాక్ పైమౌంట్లను కొద్దిపాటి మార్పుతో మొదటి తరం కారుకు అమర్చితే కదలిక దూరం పెరుగుతుందన్నది ఈ కార్ల అభిమానులలో బాగా తెలిసిన చిట్కా. పాత కార్లను విప్పి అమ్మే యార్డుల్లో ఇవి చవకగా లభిస్తాయి. షాక్‌లను ఒకే ఇరుసుకు జతగా మార్చడం, నొక్కిపెట్టిన స్ప్రింగును విప్పడానికి తప్పనిసరిగా స్ప్రింగ్ కంప్రెసర్ వాడడం వంటి జాగ్రత్తలలో రాజీ ఉండరాదు, ఎందుకంటే పట్టు తప్పిన స్ప్రింగు ప్రాణం తీయగలదు.

సెకండ్ హ్యాండ్ సరుకు ఆర్మ్‌లకూ మౌంట్లకూ సరిపోతుంది గాని, బాల్ జాయింట్లకూ టై రాడ్ కీళ్లకూ కాదు. అవి ఊడితే చక్రం అదుపు తప్పుతుంది కనుక, పేరున్న తయారీదారు నుంచి కొత్తవే తీసుకోవాలి. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కార్లకు ఏటా జరిపే ఎంవోటీ పరీక్షలో ఈ కీళ్ల ఆటను ప్రత్యేకంగా చూడడం ఇందుకే. ముందు చక్రాల కింది బాల్ జాయింట్‌ను విడిగా మార్చుకొనే వీలు ఉండగా, పైది ఆర్మ్‌తో కలిసే వస్తుంది కాబట్టి, పై ఆర్మ్ మొత్తాన్ని కొత్త బుష్‌లతో సహా కొనడం కొన్నిసార్లు కూలి లెక్కన చవక పడుతుంది.

చలికాలంలో రోడ్డు మీద ఉప్పు చల్లే దేశాల్లో అన్నిటికన్నా మొండికేసేవి చక్రాల కోణాన్ని సవరించే క్యామ్ బోల్టులు. తుప్పుతో గొట్టంలో ఇరుక్కుపోయిన వీటిని బలవంతాన తిప్పితే తల విరుగుతుంది. పనికి చాలా రోజుల ముందు నుంచే తుప్పు వదిలించే నూనె పదేపదే పోయడం, పాత స్థానాన్ని పెయింటుతో గుర్తుపెట్టడం, ఒకవేళ కోయవలసి వస్తుందేమోనని కొత్త బోల్టులు ముందే తెప్పించి ఉంచడం మంచిది. బుష్‌లు మారాక కోణాలు మునుపటిలా ఉండవు గనుక, కొంత దూరం నడిపి కారు తన ఎత్తుకు సర్దుకున్నాక వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. బడ్జెట్ వేసేటప్పుడు దీని సొమ్మును మొదటే పక్కన పెట్టాలి.