చుక్క తాగకపోయినా నడక తూలుతోందా? చిన్న మెదడు క్షీణిస్తే ఒంట్లో జరిగేది ఇదే..

జపాన్‌కు చెందిన ఆయా కిటో అనే అమ్మాయి ఉన్నట్టుండి కింద పడిపోతుండేది. 15 ఏళ్ల వయసులో డాక్టర్లు అసలు విషయం చెప్పారు. చిన్న మెదడు, దానికి సంబంధించిన నరాల దారులు మెల్లగా క్షీణించే జబ్బు అది. పెన్ను పట్టుకోగలిగినంత కాలం ఆమె డైరీ రాసింది. 1988లో, 25 ఏళ్లకే కన్నుమూసింది. ఆ డైరీ ఆధారంగా 2005లో వచ్చిన 'వన్ లీటర్ ఆఫ్ టియర్స్' సీరియల్ చాలామందిని ఏడిపించింది. ఇంతకీ కండరాల్లో బలం ఉన్న మనిషి ఎందుకు పడిపోతాడు?

చిన్న మెదడు తల వెనుక, మెడకు కాస్త పైన ఉంటుంది. సైజులో మొత్తం మెదడులో పదో వంతే. కానీ నాడీకణాల్లో సగానికి పైగా ఇక్కడే ఉన్నాయి. కదలికల్లో దీని ముఖ్యమైన డ్యూటీ.. టైమింగ్!

టేబుల్ మీద నీళ్ల గ్లాసు అందుకోవాలి అనుకోండి. మోచేతిని చాపే కండరం చేతిని ముందుకు తోస్తుంది. గ్లాసు తగలకముందే మోచేతిని మడిచే కండరం బ్రేక్ వేయాలి. ఆ బ్రేక్ ఎప్పుడు పడాలో చిన్న మెదడు ముందే లెక్కేసి పెడుతుంది. కళ్లతో చూసి ఆపుదాంలే అంటే కుదరదు.. ఆ సమాచారం మెదడుకు వెళ్లి వచ్చేలోపే చెయ్యి దాటిపోతుంది. ఈ జబ్బు ఉన్నవాళ్లలో జరిగేది అదే. బ్రేక్ లేటవుతుంది. సెకనులో చిన్న వంతు ఆలస్యమే, కానీ గ్లాసు ఒలికిపోవడానికి అది చాలు. వెనక్కి దిద్దుకోబోతే అదీ ఎక్కువైపోతుంది. అందుకే వస్తువు దగ్గరపడే కొద్దీ చెయ్యి వణుకుతుంది. పార్కిన్సన్స్‌లో అయితే ఎక్కువగా చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణుకుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో తల వెనుక బుల్లెట్ గాయాలైన సైనికులను పరీక్షించి ఈ లక్షణాలను వివరంగా రాసింది న్యూరాలజిస్ట్ గోర్డన్ హోమ్స్. ఆయన పేరుతో ఒక పరీక్ష కూడా ఉంది. పేషెంట్ చెయ్యి మడిచి లాగుతుంటే డాక్టర్ ఆపి పట్టుకుని, ఒక్కసారిగా వదిలేస్తారు. మామూలుగా చెయ్యి వెంటనే ఆగిపోతుంది. వీళ్లకు ఆగదు, వచ్చి సొంత ముఖానికే కొట్టుకుంటుంది. అందుకే డాక్టర్లు తమ రెండో చెయ్యి అడ్డం పెట్టుకుంటారు.

కాళ్లు ఎడంగా వేసి నడవడం, మాట ముద్దగా రావడం, షర్టు గుండీలు పెట్టుకోలేకపోవడం.. ఇవన్నీ ఆ టైమింగ్ గొడవే. చూసేవాళ్లు తాగాడనుకుంటారు. మందు కొట్టినప్పుడు తేడా చేసేది కూడా చిన్న మెదడే కాబట్టి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కానీ బస్సులో, ఆఫీసులో ఆ మాట పడేవాళ్లకు అది జబ్బు కంటే పెద్ద బాధ.

కొన్ని రకాలు వంశపారంపర్యంగా వస్తాయి. వాటిలో కొన్నింటిలో తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ 50 శాతం అవకాశం ఉంటుంది. క్షీణించిన కణాలను తిరిగి తెచ్చే మందు ఇప్పటికైతే లేదు. బ్యాలెన్స్ ఎక్సర్‌సైజులు, ఫిజియోథెరపీతో నడక కొంత మెరుగుపడుతుంది. ఏళ్ల తరబడి మద్యం, విటమిన్ ఇ లోపం, థైరాయిడ్ సమస్య, ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ లాంటివి కారణమైతే మాత్రం ముందే పట్టుకుంటే నష్టాన్ని ఆపే వీలుంది. అలాగని ఫిట్స్ మాత్రలు సొంతంగా మానేయొద్దు, అది ఇంకా ప్రమాదం.

నెలలు, ఏళ్ల మీద కాకుండా ఉన్నట్టుండి తూలుడు, మాట తడబాటు మొదలైతే అది స్ట్రోక్ కావొచ్చు. తెల్లారాక చూద్దాంలే అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.