బారెడు విల్లు, బరువు బాణం

1541లో, ఎనిమిదో హెన్రీ ఏలుబడిలో, ఇంగ్లండులో ఒక చట్టం వచ్చింది. ఇరవై నాలుగేళ్లు నిండిన మగవాడెవడూ దూరం పోయే తేలిక బాణాలను 220 గజాలకన్నా దగ్గరి గురికి వెయ్యకూడదు, వేస్తే జరిమానా. 220 గజాలంటే ఇంచుమించు 200 మీటర్లు. ఇవాళ ఒలింపిక్స్‌లో గురి ఉండేది 70 మీటర్ల దూరంలో. ఆనాడు 200 మీటర్లు గొప్పేమీ కాదు, పెద్దవాడి చేతికి కనీస పరీక్ష.

మరి ఆనాటి ఇంగ్లీషు బారెడు విల్లు ఎంత దూరం వెయ్యగలదు? చాలాకాలం దీనికి ఊహలే జవాబులు, ఎందుకంటే పాత యుద్ధపు విల్లులు మిగిలినవి వేళ్లమీద లెక్కపెట్టేన్ని. 1545లో పోర్ట్స్‌మత్ ఎదుట మునిగిన హెన్రీ యుద్ధనౌక మేరీ రోజ్‌ను 1982లో పైకి తీశారు. సముద్రపు బురద కాపాడిన ఆ ఓడలో 130కి పైగా విల్లులు విరగకుండా దొరికాయి, బాణాలైతే వేలల్లో. విల్లులన్నీ మనిషి ఎత్తును మించినవి, సగటున రెండు మీటర్లకు కాస్త తక్కువ. పరిశోధకులు లెక్కలు కట్టి, నమూనాలు చేసి చూస్తే, వాటిని లాగడానికి 45 నుంచి 80 కిలోల బలం కావాలని తేలింది. బియ్యం బస్తా బరువును, కొన్నిటికి అంతకన్నా ఎక్కువను, రెండు మూడు వేళ్లతో చెవిదాకా లాగాలన్నమాట. శివధనుస్సు కథ వింటూ పెరిగినవాళ్లకు విల్లు ఎక్కుపెట్టడమే పరీక్ష అంటే వింతగా ఉండదు. కాకపోతే ఇక్కడ ఆ పరీక్ష సామాన్య రైతుబిడ్డలకు.

ఈ విల్లుకు కావలసింది యూ చెట్టు కలప. బెరడు కిందుండే తెల్లకర్ర సాగినా తెగదు, లోపలి ఎర్రటి చేవ నలిగినా చితకదు. రెండూ కలిసివచ్చేలా మొద్దును చీల్చి, తెల్లకర్రను శత్రువు వైపు, చేవను విలుకాడి వైపు ఉంచి చెక్కుతారు. విల్లు వంగినప్పుడు బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నలుగుతుంది. ఎక్కడ ఏ గుణం కావాలో అక్కడ అది పుట్టుకతోనే ఉంది. అతుకూ లేదు, జిగురూ లేదు. కొనల్లో నారి తగిలించడానికి కొమ్ము తొడుగులు, అంతే.

చిక్కల్లా కలప దొరకడంతోనే. చలికొండల్లో నెమ్మదిగా పెరిగి, పోగు దట్టంగా ఉన్న యూ మేలైనది. అలాంటి కర్ర ఇంగ్లండులో తక్కువ, అందుకే 1472లో అక్కడి రేవులకు సరుకు తెచ్చే ఓడలు టన్నుకు నాలుగు చొప్పున వింటికర్రలు తేవాలని శాసనం చేశారు.

ఇరవయ్యో శతాబ్దంలో క్లారెన్స్ హిక్‌మన్ అనే అమెరికన్ భౌతికశాస్త్రవేత్త లోపలి వైపు గుండ్రంగా ఉండే ఈ విల్లు కన్నా బల్లపరుపు విల్లే సమర్థమని చూపించాడు. ఆటకు అది నిజమే. కానీ చెక్కుచెదరని పెద్ద కర్రలు దొరకని దేశంలో, వేలకు వేలు విల్లులు చెయ్యాల్సిన పనివాడికి ఆ గుండ్రటి రూపమే కలిసొచ్చిందని నాకనిపిస్తుంది.

ఇక దూరం సంగతి. మాథ్యూ స్ట్రిక్లండ్, రాబర్ట్ హార్డీ 2005లో ప్రచురించిన గ్రంథంలో ఒక ప్రయోగం ఉంది. మేరీ రోజ్ నమూనాలో చేసిన, 68 కిలోల బలం కోరే విల్లుతో 54 గ్రాముల బాణం వేస్తే 328 మీటర్లు పోయింది. అదే విల్లుతో 96 గ్రాముల బాణం 250 మీటర్లు పోయింది. గాలి అడ్డు లేదనుకొని, రెండు బాణాలకూ ఒకే శక్తి అందిందనుకుంటే, బరువు బాణం 185 మీటర్లలోపే పడాలి. పడలేదు! వదిలిన విల్లు తన చేతులను కూడా తానే విసురుకోవాలి, శక్తిలో ఒక వంతు అక్కడే ఖర్చు. బాణం బరువైతే ఆ చేతులు నెమ్మదిగా కదులుతాయి, ఎక్కువ శక్తి బాణానికి దక్కుతుంది. గాలి కూడా బరువైనదాన్ని అంత తొందరగా ఆపలేదు. ఈ విల్లు అసలు పని దూరం కాదు, బరువును దూరం చేర్చడం. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో లండన్‌లో తుర్కీ రాయబారి కార్యదర్శి ఒకాయన కొమ్ము, స్నాయువులు అతికిన పొట్టి విల్లుతో 400 మీటర్లు దాటించి స్థానికులను నివ్వెరపరిచాడు, కానీ ఆ బాణం తేలికది.

బరువు బాణమైనా మేలైన ఉక్కు రొమ్ముకవచాన్ని చీల్చడం సులువు కాదు. గుర్రాలు, కీళ్ల సందులు, ముఖాలు మాత్రం దానికి దొరికేవి. 1403లో ష్రూస్‌బరీ యుద్ధంలో పదహారేళ్ల యువరాజు హెన్రీ ముఖంలో బాణం దిగింది. ఆరంగుళాల లోతున ఇరుక్కున్న ములికిని వైద్యుడు జాన్ బ్రాడ్‌మోర్ ఇందుకోసమే రూపొందించిన పనిముట్టుతో బయటికి తీశాడు. పన్నెండేళ్లకు అజింకూర్‌లో ఫ్రెంచి సేనను విలుకాళ్ల బలంతో ఓడించిన అయిదో హెన్రీ ఇతనే.

అలాంటి విలుకాడు ఏడాదిలో తయారవడు. తనకు వయసు పెరిగేకొద్దీ నాన్న మరింత బలమైన విల్లు కొనిచ్చేవాడనీ, చేతిబలంతో కాక ఒళ్లంతా పెట్టి లాగడం నేర్పాడనీ 1549లో మాజీ బిషప్ హ్యూ లాటిమర్ రాజు ఎదుటే చెప్పాడు. తుపాకీకి ఆ పెంపకం అక్కర్లేదు. 1590లో సర్ జాన్ స్మైత్ విల్లును వెనకేసుకొస్తూ, తుపాకీని తీసిపారేస్తూ పుస్తకం రాశాడు. గురి, వేగం విషయంలో ఆయన వాదనలో పస ఉంది. అయినా ప్రభుత్వం ఆ పుస్తకాన్ని అమ్మకుండా ఆపించింది.