ఆటల కంప్యూటరుకు ఎస్.ఎస్.డి. ఎంపిక: వేగసంఖ్యలు - వాస్తవప్రమాణాలు

వ్యాససంగ్రహం:

డెస్క్‌టాప్ కంప్యూటరులో ఆటలాడేవారు సాలిడ్ స్టేట్ డ్రైవును ఎంచుకొనేటప్పుడు పెట్టెమీద పెద్దగా అచ్చైన వేగసంఖ్యనే ప్రధానప్రమాణంగా తీసుకోవడం తరచుగా కనిపిస్తుంది. ఆ సంఖ్య దేనిని కొలుస్తుంది, ఆట నడుస్తున్నప్పుడు డ్రైవు నిజంగా చేసే పని ఏమిటి అన్న రెండు ప్రశ్నలను వేరుచేసి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అనుసంధానమార్గం, కణనిర్మాణం, చిరునామాపట్టిక, మన్నిక, ఉష్ణోగ్రత అనే అంశాలను వివరించి, వాటి ఆధారంగా ఒక ఎంపికక్రమాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఎస్.ఎస్.డి., ఎన్.వి.ఎం.ఇ., ఫ్లాష్ స్మృతి, గేమింగ్ కంప్యూటర్, మన్నిక, దత్తాంశభద్రత.

1. ఉపోద్ఘాతం:

'సాలిడ్ స్టేట్' అనే మాటకు భౌతికశాస్త్రంలో 'ఘనస్థితి' అని అర్థం. తిరిగే పళ్లెం, కదిలే ముల్లు వంటి యాంత్రికభాగాలు లేకుండా, అర్ధవాహకపు చిప్పులలోనే సమాచారాన్ని నిలిపే సాధనం కనుక దీనికి ఆ పేరు వచ్చింది. వాడుకలో 'ఎస్.ఎస్.డి.' అన్న పొడిపేరే స్థిరపడింది. ఈ వ్యాసంలోనూ అదే వాడబడింది.

ఈ ఎంపికను చిన్న విషయంగా భావించడానికి వీల్లేదు. కంప్యూటరు కూర్చుకొనే విద్యార్థి దగ్గర ఉండేది ఒకటే పైకం. అక్కరలేని వేగానికి పెట్టిన ప్రతి రూపాయి గ్రాఫిక్స్ కార్డుకో, ర్యాముకో తగ్గుతుంది. పైగా ఆటలకని కొన్న యంత్రంలోనే సిద్ధాంతగ్రంథపు రాతప్రతులు, క్షేత్రపర్యటనల ఛాయాచిత్రాలు, ధ్వనిముద్రణలు చేరుతుంటాయి. అందువల్ల డ్రైవు స్వభావం తెలియకపోతే నష్టం ఆటతో ఆగదు.

2. హార్డ్ డిస్కు నుంచి ఎస్.ఎస్.డి.కి:

నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్కుకు ఒక చుట్టు పూర్తికావడానికి సుమారు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన సమాచారం ముల్లు కిందికి రావడానికి సగటున అందులో సగం, అంటే 4 మిల్లీసెకన్లకు పైగా వేచి ఉండాలి. ముల్లు తన స్థానానికి జరగడానికి పట్టే సమయం దీనికి అదనం. జపాన్‌కు చెందిన తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా బృందం 1987లో ప్రకటించిన నాండ్ ఫ్లాష్ స్మృతి నేటి ఎస్.ఎస్.డి.లకు మూలం. ఇందులో తిరగడం, జరగడం అనే పనులే లేవు. సమాచారం పదుల మైక్రోసెకన్లలో అందుతుంది.

కనుక ఆటగాడికి స్పష్టంగా కనిపించే పెద్ద మార్పు హార్డ్ డిస్కును వదిలి ఏదో ఒక ఎస్.ఎస్.డి.కి రావడంలోనే ఉంది. 2023లో విడుదలైన 'బాల్డర్స్ గేట్ 3', 'స్టార్‌ఫీల్డ్' ఆటలు కనీస అవసరాల పట్టికలోనే ఎస్.ఎస్.డి.ని చేర్చాయి. మొదటిదానికి 150 గిగాబైట్లు, రెండోదానికి 125 గిగాబైట్లు స్థలం కావాలని ఆ పట్టికలు పేర్కొన్నాయి.

3. వేగసంఖ్య చెప్పేది, చెప్పనిది:

ఎస్.ఎస్.డి.లను మదర్‌బోర్డుకు కలిపే మార్గాలు ప్రధానంగా రెండు. మొదటిది సాటా. దీని మూడో తరం గరిష్ఠపరిమితి సెకనుకు 600 మెగాబైట్లు. ఆచరణలో 550 దాకా వస్తుంది. రెండోది పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ దారులపై నడిచే ఎన్.వి.ఎం.ఇ. పద్ధతి. దీని తొలి నిర్దేశం 2011లో వెలువడింది. నాలుగు దారులు వాడే డ్రైవులు ఆచరణలో మూడో తరంలో సెకనుకు సుమారు 3,500, నాలుగో తరంలో 7,000, ఐదో తరంలో 10,000 మెగాబైట్లకు పైగా చదవగలవు.

ఈ సంఖ్యలు అబద్ధాలు కావు. అయితే ఇవి వరుసగా ఉన్న ఒకే పెద్ద ఫైలును చదివే వేగాన్ని చెబుతాయి. గ్రంథాలయంతో పోల్చితే విషయం సులభంగా బోధపడుతుంది. ఒకే బీరువాలో వరుసగా ఉన్న విజ్ఞానసర్వస్వ సంపుటాలన్నింటినీ బండిమీద తేవడం ఒక పని. వంద బీరువాలలో చెదిరి ఉన్న వంద చీటీలను ఒక్కొక్కటిగా వెతికి తేవడం వేరొక పని. రెండో పనిలో బండి ఎంత పెద్దదైనా ప్రయోజనం స్వల్పమే. 4 కిలోబైట్ల ముక్కలను ఒకదాని తరువాత ఒకటిగా, చెదురుమదురుగా చదవవలసి వచ్చినప్పుడు 7,000 మెగాబైట్ల డ్రైవు కూడా సాధారణంగా సెకనుకు 100 మెగాబైట్ల లోపే నిలుస్తుంది. పెట్టెమీది సంఖ్యకూ, ఈ సంఖ్యకూ మధ్య ఉన్న దూరమే ఎంపికలో జరిగే పొరపాట్లకు ప్రధానకారణం.

4. ఆటలో డ్రైవు పాత్ర:

ఆట తెరిచినప్పుడు డ్రైవు నుంచి వచ్చే సమాచారం కుదించిన రూపంలో ఉంటుంది. దానిని విప్పడం, దృశ్యాన్ని సిద్ధం చేయడం ప్రాసెసర్ పని. సాటా డ్రైవు స్థానంలో నాలుగో తరం ఎన్.వి.ఎం.ఇ. పెట్టినా అనేక ఆటలు తెరుచుకొనే సమయం దామాషా ప్రకారం తగ్గకపోవడానికి ఇదే హేతువు. సెకనుకు ఎన్ని చిత్రాలు తెరమీదికి వస్తాయన్నది ప్రధానంగా గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్లమీద ఆధారపడుతుంది. విశాలమైన ప్రపంచం గల ఆటల్లో కొత్త ప్రాంతంలోకి అడుగుపెట్టేటప్పుడు కలిగే తడబాటును మాత్రం మంచి డ్రైవు తగ్గించగలదు.

ఈ పరిస్థితి మారడం మొదలైంది. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లో సెకనుకు 5.5 గిగాబైట్లు చదివే ఎస్.ఎస్.డి.ని, కుదింపును విప్పే ప్రత్యేక యంత్రాంగాన్ని సోనీ అమర్చింది. విండోస్‌లో ఈ తరహా సౌకర్యానికి మైక్రోసాఫ్ట్ 2022లో 'డైరెక్ట్ స్టోరేజ్' పేరుతో దారి తెరిచింది. 2023 జనవరిలో వచ్చిన 'ఫర్‌స్పోకెన్' దీనిని వాడుకొన్న తొలి కంప్యూటర్ ఆట. ఇది ఎన్.వి.ఎం.ఇ.ని ఎంచుకోవడానికి తగిన కారణమే గాని, ఐదో తరానికే వెళ్లాలనడానికి చాలినంత కారణం కాదు.

5. కణనిర్మాణం:

ఫ్లాష్ చిప్పులోని ప్రతి కణం విద్యుదావేశాన్ని పట్టి ఉంచుతుంది. ఒక కణంలో ఒక బిట్టు నిలపాలంటే రెండు స్థాయిలు చాలు. మూడు బిట్లకు 8, నాలుగు బిట్లకు 16 స్థాయిలను వేరుచేసి గుర్తించాలి. మూడు బిట్ల పద్ధతిని టి.ఎల్.సి. అనీ, నాలుగు బిట్ల పద్ధతిని క్యు.ఎల్.సి. అనీ వ్యవహరిస్తారు. స్థాయిలు పెరిగేకొద్దీ ధర తగ్గుతుంది. రాత నెమ్మదిస్తుంది, కణం త్వరగా అరుగుతుంది.

ఈ నెమ్మదిని కప్పిపుచ్చడానికి డ్రైవులో కొంతభాగాన్ని కణానికి ఒక్క బిట్టు చొప్పున వాడతారు. ఆ భాగం నిండేదాకా రాత వేగంగా సాగుతుంది. ఆ తరువాతనే అసలు స్వభావం బయటపడుతుంది. శాంసంగ్ 870 క్యు.వి.ఓ. 1 టెరాబైట్ డ్రైవు దీనికి ఉదాహరణ. ఇందులో వేగవంతమైన భాగం అత్యధికంగా 42 గిగాబైట్లు. అది నిండాక రాతవేగం సెకనుకు 80 మెగాబైట్లకు పడిపోతుందని తయారీదారు వివరపత్రమే చెబుతుంది. 150 గిగాబైట్ల ఆటను మరో డ్రైవునుంచి దీనిలోకి మార్చేవారికి ఈ తేడా గంటల లెక్కలో కాకపోయినా పదుల నిమిషాలలో తెలిసివస్తుంది. డ్రైవు నిండేకొద్దీ అనేక నమూనాలలో ఈ వేగవంతమైన భాగం ఇంకా కుంచించుకుపోతుంది.

6. చిరునామాపట్టిక:

ఏ సమాచారం ఏ కణంలో ఉన్నదో చెప్పే పట్టిక గ్రంథాలయ సూచిక వంటిది. దీనికోసం మేలురకం డ్రైవులలో ప్రతి టెరాబైట్‌కు సుమారు ఒక గిగాబైట్ డి-ర్యామ్ చిప్పు ఉంటుంది. అది లేని ఎన్.వి.ఎం.ఇ. డ్రైవులు కంప్యూటరు ర్యాములోనుంచి కొన్ని మెగాబైట్లను అరువు తెచ్చుకొంటాయి. ఆటలు ఎక్కువగా చదివే పనే చేస్తాయి కనుక ఈ అరువుపద్ధతి వాటికి సరిపోతుంది. సాటా డ్రైవులకు అరువు సౌకర్యం లేదు. కాబట్టి డి-ర్యామ్ లేని సాటా డ్రైవును విండోస్ ఉండే ప్రధానడ్రైవుగా వాడకపోవడం మంచిది.

7. మన్నిక - భద్రత:

తయారీదారులు మన్నికను, హామీకాలంలో డ్రైవుమీద రాయగల మొత్తం టెరాబైట్లలో తెలుపుతారు. 1 టెరాబైట్ నమూనాలలో టి.ఎల్.సి. రకమైన శాంసంగ్ 990 ప్రోకు ఇది 600, క్యు.ఎల్.సి. రకమైన క్రూషియల్ పి3కి 220. రోజుకు 50 గిగాబైట్లు రాసినా మొదటిది 12,000 రోజులు, రెండోది 4,400 రోజులు, అంటే పన్నెండేళ్లు వస్తుంది. కనుక ఆటగాడు టి.ఎల్.సి.ని కోరుకోవడానికి సరైన కారణం అరుగుదల భయం కంటే నిలకడైన రాతవేగమే.

భద్రత వేరే విషయం. జెడెక్ ప్రమాణం ప్రకారం, రాతపరిమితి పూర్తయిన సాధారణ ఎస్.ఎస్.డి. విద్యుత్తు లేకుండా 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక సంవత్సరం సమాచారాన్ని నిలిపితే చాలు. వేడి పెరిగితే ఆ గడువు తగ్గుతుంది. అదీగాక ఎస్.ఎస్.డి. తరచు ముందస్తు సూచన లేకుండానే ఆగిపోతుంది. తొలగించిన ఫైళ్లను తిరిగి రాబట్టడం కూడా హార్డ్ డిస్కుతో పోలిస్తే కష్టం. పరిశోధనసామగ్రికి వేరే హార్డ్ డిస్కుమీద మరొక ప్రతి తప్పనిసరి.

8. మదర్‌బోర్డు - వేడి - విద్యుత్తు:

'ఎం.2' అనేది ఆకారానికి పేరే గాని వేగానికి పేరు కాదు. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు గల ఆ పలకలో సాటా డ్రైవూ ఉండవచ్చు, ఎన్.వి.ఎం.ఇ. డ్రైవూ ఉండవచ్చు. నాలుగో తరం డ్రైవు మూడో తరం స్థానంలో పనిచేస్తుంది, కాని మూడో తరం వేగంతోనే. కొన్ని బోర్డులలో ఒక ఎం.2 స్థానం నింపితే కొన్ని సాటా స్థానాలు పనిచేయవు. కొనడానికి ముందు బోర్డు కరదీపికను చూడాలి.

వేడెక్కిన డ్రైవు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకొంటుంది. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల వేసవిలో గది గాలే వేడిగా ఉంటుంది. ఐదో తరం డ్రైవులు మరింత వేడెక్కుతాయి కాబట్టి వేడిని వెదజల్లే లోహపుపలక లేకుండా వాటిని వాడరాదు. హఠాత్తుగా కరెంటు పోతే రాతలో ఉన్న సమాచారం చెడే ప్రమాదం ఉంది. సాధారణ డ్రైవులలో దానిని ఆపే కెపాసిటర్లు ఉండవు. యు.పి.ఎస్. ఆ లోటు తీరుస్తుంది.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల ఎంపికక్రమం ఇలా ఏర్పడుతుంది.

1. మొదట చూడవలసింది పరిమాణం. 1 టెరాబైట్ డ్రైవును విండోస్ 931 గిగాబైట్లుగా చూపుతుంది. విండోస్‌తోపాటు నాలుగైదు పెద్ద ఆటలతోనే అందులో చాలాభాగం నిండుతుంది. పైకం అనుమతిస్తే 2 టెరాబైట్లు మేలు.
2. మదర్‌బోర్డులో స్థానం ఉంటే ఎన్.వి.ఎం.ఇ.నే తీసుకోవాలి. లేనప్పుడు సాటా కూడా హార్డ్ డిస్కుకంటే ఎంతో నయం.
3. ప్రధానడ్రైవుకు టి.ఎల్.సి. తగినది. ఆటలను మాత్రమే దాచే రెండో డ్రైవుకు క్యు.ఎల్.సి. సరిపోతుంది.
4. హామీకాలం, రాతపరిమితి, వేడి ఏర్పాటు ఆ తరువాత చూడాలి.
5. వేగసంఖ్యను చివర చూడాలి. నాలుగో తరం మధ్యశ్రేణి డ్రైవు నేటి ఆటలకు చాలు.

పెట్టెమీద అన్నిటికంటే పెద్దగా కనిపించే సంఖ్య ఎంపికలో చివరిస్థానానికి చెందినదని ఈ పరిశీలనలో తేలుతోంది. ఆ సంఖ్యపై మిగిలిన పైకం గ్రాఫిక్స్ కార్డుకు, ఒక అదనపు హార్డ్ డిస్కుకు చేరితే ఆటా బాగుంటుంది, పరిశోధనసామగ్రీ భద్రంగా ఉంటుంది.